శాసనమునకు వెరచి ఊరు విడుచుట

మన యిండ్లలో వలసను గూర్చిన మాటలు క్రొత్తవి కావు. బెంగుళూరైనను, చెన్నపట్టణమైనను, బరంపురమైనను, షోలాపురమైనను, యానామైనను, స్థిరపడిన తెలుగు కుటుంబము తాతల నాటి వలసను పురాణమువలె చెప్పుకొనును. మనుమల నాటి వలసను ఫోనులో లెక్క కట్టుకొనును. జీతమెంత, అద్దె యెంత, బడి యెట్టిది, మంచు ఎన్ని నెలలు కురియును అను ప్రశ్నలతోనే ఆ లెక్కలు తీరుచుండెడివి. 2022 తరువాత వానిలో మరియొక ప్రశ్న చేరినది. 'అమ్మాయి కాపురమున్న రాష్ట్రములో చట్టమేమి?' అని అడుగవలసి వచ్చినది. దీనిని పురుషులు సభలలో అడుగరు. స్త్రీలు వంటయింట అడుగుదురు. అందుచేతనే దీనిని ఈ సంచికలో బహిరంగముగా విచారింపదలచితిమి.

విషయము అమెరికాదేశమునకు సంబంధించినది. 1973 జనవరి 22 న అచ్చటి సుప్రీం కోర్టు 'రో' వ్యాజ్యెములో ఇచ్చిన తీర్పువలన, గర్భమును నిలుపుకొనుటయో మానుటయో నిర్ణయించుకొను స్వేచ్ఛ రాజ్యాంగరక్షణ గల హక్కుగా దాదాపు ఏబది సంవత్సరములు చెల్లినది. 2022 జూన్ 24 న అదే న్యాయస్థానము 'డాబ్స్' వ్యాజ్యెములో ఆ తీర్పును కొట్టివైచి, సంగతిని ఆయా రాష్ట్రముల కప్పగించినది. నాటినుండి ఒకే దేశములో ఒక రాష్ట్రపు పొలిమేర దాటగనే ధర్మము మారుచున్నది. కాలిఫోర్నియాలో, న్యూజెర్సీలో, ఇల్లినాయిలో ఒకటి. టెక్సాసులో, జార్జియాలో మరియొకటి.

మనవారి పిల్లలు మిక్కిలిగా చేరిన డల్లాసు పరిసరములు, అనగా ఇర్వింగు, ప్లేనో, ఫ్రిస్కో ఊళ్లు, టెక్సాసులోనివే. ఆ రాష్ట్రములో 2021 సెప్టెంబరు 1 నాటికే ఒక వింత చట్టము వచ్చియుండెను. పిండహృదయము కొట్టుకొనుట తెలిసిన తరువాత, అనగా సుమారు ఆరవ వారము మొదలు, గర్భవిచ్ఛిత్తికి తోడ్పడిన వారిపై, ఏ సంబంధము లేని మనుష్యుడైనను దావా వేసి పదివేల డాలర్లకు తగ్గని సొమ్ము రాబట్టుకొనవచ్చునని ఆ చట్టము. 2022 ఆగస్టు 25 నుండి అమలైన రెండవ చట్టము ఇంకను కఠినము. గర్భిణికి శిక్ష లేదు. వైద్యునకు యావజ్జీవ కారాగారము వరకు శిక్ష, లక్ష డాలర్లకు తగ్గని జరిమానా, వృత్తి చేయు అనుమతి రద్దు. తల్లి ప్రాణమునకో, ముఖ్యమైన దేహవ్యాపారమునకో ముప్పు వాటిల్లినచో మినహాయింపు కలదు. ఆ ముప్పు ఎంత దగ్గరకు రావలెనన్నదే వైద్యునకు తెలియరాని సంగతి.

ఇంతవరకు విని మన పెద్దలలో పెక్కురు అను మాట యొకటి కలదు. 'మన పిల్లకు ఆ చట్టముతో నిమిత్తమేమి? అట్టి పని మన ఇంట జరుగదు' అని. ఈ మాటలో గౌరవమెంత గలదో అజ్ఞానమంత గలదు. జనులు 'అబార్షను' అని ఒక్క పేరుతో పిలుచు దానిలో రెండు సంగతులు కలవు: తనంత తాను జరుగు గర్భస్రావము, కోరి చేయించుకొను గర్భవిచ్ఛిత్తి. మొదటిది సగములో చిక్కుపడినపుడు వైద్యుడు చేయు పనియు, రెండవదానికి చేయు పనియు పెక్కుమారులు ఒకటియే. అవే మందులు, అదే శస్త్రము. కావున చట్టము బిడ్డను వలదన్న స్త్రీనే కాక, బిడ్డకై మొక్కులు మ్రొక్కిన స్త్రీని కూడ తాకును.

అమాండా జురావ్‌స్కీ అను టెక్సాసు యువతి సంగతి చూడుడు. ఆమె ఎంతో కాలము చికిత్స పొంది గర్భము దాల్చినది. 2022 ఆగస్టులో, పదునెనిమిదవ వారమున, ఉమ్మనీరు పోయినది. బిడ్డ దక్కదని వైద్యులకు తెలియును. కాని పిండహృదయము కొట్టుకొనుచుండెను. తల్లికి ఇంకను ప్రాణాపాయము రాలేదు. అందుచేత వేచియుండుమనిరి. ఆమె రక్తమునకు విషము సోకిన పిదపనే చికిత్స సాగినది. ఆమెయు ఇతర స్త్రీలును వేసిన వ్యాజ్యెములో క్రింది కోర్టు వారికి అనుకూలముగా ఇచ్చిన ఉత్తరువును 2024 మే 31 న టెక్సాసు సుప్రీం కోర్టు రద్దు చేసినది. డల్లాసు ప్రాంతమున నివసించు కేట్ కాక్స్ అప్పటికి ఇద్దరు బిడ్డల తల్లి. గర్భస్థశిశువునకు బ్రతుకు నిలువనీయని జన్యుదోషము గలదని తెలిసి 2023 డిసెంబరులో ఆమె న్యాయస్థానము నాశ్రయించినది. తీర్పు ప్రతికూలముగా వెలువడు నాటికే రాష్ట్రము విడిచి పోవలసివచ్చినది. 2025 లో టెక్సాసు శాసనసభ, ప్రాణాపాయము ముంచుకొని వచ్చువరకు వైద్యుడు ఆగనక్కరలేదని కొంత వివరణ చేర్చినది. అది మేలే. ఐనను కేట్ కాక్స్ వంటి తల్లికి దానివలన ఒరిగినది లేదు. పిండదోషమునకు నేటికిని మినహాయింపు లేదు.

ఇది దూరదేశపు కథ అని తోచినచో, బెళగావి కథ చెప్పవలసియుండును. కర్ణాటకమున నున్న మనవారికి ఆ పేరు మరపురాదు. సవితా హలప్పనవర్ దంతవైద్యురాలు, తలిదండ్రులు బెళగావివారు. ఆమె భర్తతో ఐర్లండుదేశమున గాల్వే నగరములో కాపురముండెను. 2012 అక్టోబరులో పదునేడు వారముల గర్భము స్రవించుట మొదలిడగా ఆసుపత్రిలో చేరెను. గర్భము నిలువదని చెప్పిరి. తీసివేయుమని ఆమె కోరగా, పిండహృదయము కొట్టుకొనుచున్నంతవరకు వీలుకాదనిరి. ఇది కాథలికుల దేశమని ఒక నర్సు చెప్పిన మాట తరువాతి విచారణలో నిజమని తేలినది. అక్టోబరు 28 న సవిత మరణించెను. వయస్సు 31 సంవత్సరములు. బిడ్డను కోరుకొన్న తల్లి ఆమె. 'మన ఇంట జరుగదు' అను మాట బెళగావిలోని ఆ ఇంట కూడ ఎవరో అనియుందురు.

ఈ వార్తలు చదివిన మన ఆడపిల్లల మనస్సులలో కలిగిన భావములను విన్నవారు చెప్పగా వింటిమి, స్వయముగను వింటిమి. కోపము కలదు. పన్ను కట్టి, ఇల్లు కొని, ఇరుగుపొరుగుల మెప్పు పొందిన ఊరు తమను ఇట్లు చూచునా అను కోపము. దుఃఖము కలదు. అన్నిటికంటె లోతుగా సిగ్గు కలదు. ఉండువారికి జీతమునకై నోరు మూసుకొంటిమను సిగ్గు, పోవువారికి పిరికివారమైతిమను సిగ్గు. ఇక భయమును గూర్చి వేరుగా చెప్పవలెను.

భయములో ఏ నిర్ణయము చేయరాదని మన పెద్దలు చెప్పుదురు. అది మంచి మాటయే. కాని భయములన్నియు ఒక జాతివి కావు. చీకటిని చూచి వెరచుట వేరు. గట్టు లేని నూతిని చూచి వెరచుట వేరు. రెండవది బలహీనత కాదు, చూపు. ఒక స్త్రీ గర్భము దాల్పదలచి, తనకు ముప్పు వచ్చిననాడు వైద్యుడు ఎవరి మాట వినునో తెలియక వెరచినచో, ఆమె ఒక వాస్తవమును కనుగొన్నదని మేము తలతుము. దానిని 'ఆడువారి బెంగ' అని కొట్టివేయుట బుద్ధిమంతుల పని కాదు. వలస నిర్ణయములలో జీతపు అంకె వాస్తవమనియు, భయము కేవలము భావమనియు లెక్కించుట మనకు అలవాటైనది. జీతపు అంకె కూడ రేపటిని గూర్చిన ఒక ఆశయే గదా!

సుమతీశతకకారుడు ఊరిలో నివసింపదగుటకు నాలుగు లక్షణములు చెప్పెను. అప్పిచ్చువాడు, వైద్యుడు, ఎడతెగక పారు ఏరు, ద్విజుడు. ఇవి లేని ఊరు చొరవలదనెను. పద్యము చదువని తెలుగు ఇల్లు లేదు గనుక ఇచ్చట వ్రాయము. ఆ కవి వైద్యుడు లేని ఊరినే ఊహించెను. వైద్యుడుండియు, మందుండియు, చేయి కదపనీయని ఊరిని ఊహింపలేదు.

ఇంకొక పక్షము కలదు. గర్భములోని ప్రాణమును తీయుట పాపమని నమ్మువారు మన సంఘములలో తక్కువ కారు. వారిలో కొందరు ఆ రాష్ట్రముల చట్టములను చూచి సంతసించిరి కూడ. వారి నమ్మకమును ఎగతాళి చేయుట మా యుద్దేశము కాదు. భ్రూణహత్యను మన ధర్మశాస్త్రములు మహాపాతకములలో లెక్కించినవి. అశ్వత్థామ ఉత్తర గర్భముపై ప్రయోగించిన అస్త్రము భారతకథలో క్షమింపరాని పనులలో ఒకటి. గర్భస్థప్రాణము ఏనాటినుండి మనుష్యుడగునో, ఆ ప్రశ్నను ఈ వ్యాసము తేల్చలేదు, తేల్చినట్లు నటింపదు.

ఐనను రెండు మాటలు. మూఢగర్భచికిత్స చెప్పుచు సుశ్రుతుడు, బ్రతికియున్న పిండమును శస్త్రముతో ఛేదింపరాదనెను. చచ్చిన పిండమును మాత్రము ముహూర్తకాలమైనను ఉపేక్షింపరాదనెను, అది తల్లిని చంపును గనుక. హృదయము కొట్టుకొనుచున్నను బ్రతుకదని నిశ్చయముగా తెలిసిన పిండము ఈ రెంటి నడుమ నున్నది. దానిని తెలిసికొను సాధనము ఆ నాటి వైద్యమున కందలేదు. నేటి వైద్యమున కందినది. పాతమాటను పట్టుకొని క్రొత్త సాధనమును నిషేధించుట సుశ్రుతుని మార్గము కాదని మా అభిప్రాయము. రెండవ మాట కటువైనది. పిండమునకు ప్రాణము గలదని వాదించిన మన పెద్దలు కొందరు, స్కానింగులో ఆడపిల్ల అని తెలిసిననాడు ఆ వాదమును చక్కగా మరచిరి. 1994 లో మన ప్రభుత్వము గర్భస్థశిశువు లింగము తెలుపుటను నిషేధించు చట్టము చేయవలసివచ్చినది అమెరికావారి పాపము వలన కాదు.

'అంత భయమైనచో ఇంటికి వచ్చివేయవచ్చును గదా' అను మాటను కూడ పరీక్షింపవలెను. మన దేశమున ఈ విషయమున 1971 లో చట్టమైనది. 1964 లో నియమింపబడిన శాంతిలాల్ షా సంఘము చేసిన సిఫారసుల ఫలితమది. నాడు పెండ్లియైన స్త్రీకే గర్భనిరోధకసాధనము విఫలమగుట ఒక కారణముగా చెల్లెడిది. 2021 సవరణతో 'భర్త' అను మాట తొలగినది, కొన్ని వర్గముల స్త్రీలకు గడువు 20 వారములనుండి 24 వారములకు పెరిగినది. 2022 సెప్టెంబరు 29 న మన సుప్రీం కోర్టు ఆ గడువు పెండ్లికాని స్త్రీకి కూడ వర్తించుననెను. తల్లి ప్రాణము నిలుపుటకు వెంటనే చేయవలసివచ్చినచో వారముల లెక్కయే లేదు. ఇది ఎంతయో మేలు. కాని ఇచ్చట కూడ అది స్త్రీ హక్కుగా గాక వైద్యుని అభిప్రాయముగా వ్రాయబడియున్నది. చట్టము అనుమతించిన దానిని ఆసుపత్రి గుమ్మమున 'నీ భర్త సంతకమేది?' అను ప్రశ్న అడ్డగించుట మన ఊళ్లలోనే చూచుచున్నాము. చట్టము భర్త సంతకము కోరదు. ఇల్లు చేరిన పిల్ల స్వర్గము చేరినట్లు కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఒక చోటి శాసనము అన్యాయమని తోచినపుడు, అచ్చటనే ఉండిపోవువాడు దానిని అంగీకరించినట్లగునా? విడిచిపోవువాడు తన పొరుగువారిని వంచించినట్లగునా?

మొదటి ప్రశ్నకు గ్రీకుల ఉత్తరము మిక్కిలి ప్రాచీనము. ప్లేటో రచించిన 'క్రీటో' సంవాదములో, చెరసాలనుండి తప్పించుకొని పొమ్మని మిత్రుడు బతిమాలగా, సోక్రటీసు ఏథెన్సు నగరపు శాసనములే తనతో మాటలాడుచున్నట్లు ఊహించును. ఇష్టము లేనివాడు తన సొత్తుతో ఎచ్చటికైనను పోవచ్చును. డెబ్బది సంవత్సరములు పోక ఇచ్చటనే ఉన్నావు గనుక మమ్ము అంగీకరించితివి అని ఆ శాసనములు వాదించును. దీనికి 18 వ శతాబ్దమున డేవిడ్ హ్యూము చెప్పిన సమాధానము మాకు ఎక్కువ నచ్చినది. పరభాష రాక, పరాచారము తెలియక, ఏనాటి కూలి ఆనాడు తినుచున్న పేదవాడు దేశము విడుచుటకు స్వతంత్రుడని ఎట్లనగలము? నిద్రపోవువానిని ఓడలో కెక్కించి, నడిసముద్రమున మేల్కొన్న తరువాత, ఓడలో ఉన్నావు గనుక కప్తాను అధికారమునకు ఒప్పుకొంటివి అనుట వంటిది అది.

మన పిల్లలు పేదవారు కారు, పరభాష వచ్చును. కాని వారి ఓడ మరియొక రకము. హెచ్-1బి పత్రముపై పనిచేయువాడు యజమానికి కట్టుబడినవాడు. పనిచేయు నగరము మారినచో ప్రభుత్వమునకు మరల అర్జీ పెట్టవలెను. శాశ్వతనివాసపు గ్రీన్ కార్డునకై భారతదేశమున పుట్టినవారు నిలుచు వరుస దశాబ్దముల పొడవు గలది. నడుమ యజమాని మారినచో చాల మెట్లు తిరిగి ఎక్కవలెను. భార్య భర్త పత్రముపై ఆధారపడినదైనచో ఆమె భయము అతని కొలువుతో ముడిపడును. చట్టము ఆమె దేహమును గూర్చినది. ఆమె కదలిక భర్త యజమాని చేతిలోనిది. ఇట్టి స్త్రీ ఫ్రిస్కోలో ఉండిపోయినచో, ఆమె ఆ శాసనమునకు సమ్మతించెనని ఏ తర్కము చెప్పగలదు?

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అను ఆర్థికశాస్త్రవేత్త 1970 లో ప్రకటించిన గ్రంథమున, చెడుచున్న సంస్థయందలి మనుష్యునకు రెండు దారులు కలవనెను. విడిచిపోవుట ఒకటి, నోరెత్తుట రెండవది. ఆయన కూడ 1933 లో జర్మనీ విడిచిపోయినవాడే. విడిచిపోవుట మరీ సులభమైనచో, నోరెత్తగలవారే మొదట పోవుదురు, మిగిలినవారి గతి మరింత చెడును అని ఆయన గ్రహించెను. ఐర్లండులో ఇట్లే జరిగినదని వాదించువారు కలరు. 1983 లో ఆ దేశము పిండమునకును తల్లికిని సమానమైన జీవించు హక్కు అని రాజ్యాంగములో వ్రాసికొనెను. 1992 లో, ఇతరదేశమునకు పోవు స్త్రీని ఆపరాదని మరియొక సవరణ చేర్చెను. మా గడ్డపై వలదు, పొరుగుగడ్డపై మా కభ్యంతరము లేదు అని దాని తాత్పర్యము. ఏటేట వేలకొలది ఐరిషు స్త్రీలు రహస్యముగా ఇంగ్లండునకు ఓడలలో, విమానములలో పోయి వచ్చిరి. దారి ఖర్చు గలవారు పోయిరి; లేనివారు, తెలియనివారు, సవితవలె ఆసుపత్రి మంచముపై నున్నవారు పోలేకపోయిరి. తుదకు 2018 మే 25 న ఐరిషు ప్రజలు నూటికి 66 మందికి పైగా ఓటు వేసి 1983 నాటి సవరణను రద్దు చేసిరి. ఆ ఓటు వేయుటకై విదేశములలో స్థిరపడినవారు ఎందరో టిక్కెట్లు కొనుక్కొని వచ్చిరి. సవిత తలిదండ్రులు బెళగావినుండి ఆ ప్రజలను వేడుకొనిరి. వారికి ఓటు లేదు.

మన పిల్లలలో పౌరులు కానివారి స్థితియు అదియే. 2022 ఆగస్టు 2 న కాన్సాసు రాష్ట్రప్రజలు, గర్భవిచ్ఛిత్తి హక్కును తమ రాజ్యాంగమునుండి తొలగింపజూచిన సవరణను ఓటుతో త్రోసిపుచ్చిరి. అట్టి అవకాశము అచ్చటి మన కొలువుదారునకు లేదు. కావున నోరెత్తక పారిపోయెనను నింద అతనికి తగిలింపరాదు. అచ్చటనే పుట్టి పదునెనిమిదేండ్లు నిండిన మనుమరాండ్ర సంగతి వేరు. వారు పౌరులు. టెక్సాసులోనే ఉండి పొరుగున నున్న పేద మెక్సికను యువతికై పాటుపడెదమని వారిలో ఎవరైన అన్నచో, తాతగారు 'నీకెందుకమ్మా' అనకుండుట మంచిది.

ఉండుట అను మాట వినగానే మన సంఘములలో ఛాతీలు పొంగును. దానికి చరిత్ర కలదు. 1936 ఏప్రిల్ 1 న ఒడిశా రాష్ట్రమేర్పడినపుడు బరంపురపు మనవారు ఉండిపోయిరి. 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు బళ్లారి మైసూరులో చేరినది, చెన్నపట్టణము మనది కాకపోయినది, మనవారు ఉండిపోయిరి. 1962 లో ఫ్రెంచివారితో ఒప్పందము అమలులోనికి వచ్చినపుడు యానాము కుటుంబములకు ఆరు నెలల గడువు లభించినది. ఫ్రెంచి పౌరసత్వము కావలయునన్నవారు కోరుకొనవచ్చును. కొందరు కోరుకొనిరి, పెక్కురు ఊరును ఉన్నట్లే ఉంచుకొనిరి. ఉన్న ఊరు కన్నతల్లి అను సామెతకు మనము నిలువెత్తు సాక్ష్యములమని ప్రతి వార్షికోత్సవమున చెప్పుకొందుము.

యానాము సంగతిలో ఒక చమత్కారము కలదు. 1962 లో ఫ్రాన్సుదేశమున గర్భవిచ్ఛిత్తి నేరము. మన దేశమున 1971 లో చట్టము రాగా, ఫ్రాన్సులో 1975 లో గాని రాలేదు. 2024 మార్చి 4 న ఫ్రాన్సు ఆ స్వేచ్ఛను ఏకముగా రాజ్యాంగములో వ్రాసికొనెను. 1962 లో పత్రముపై సంతకము చేసిన యానాము గృహస్థుడు తన మనుమరాలికి ఈ రక్షణ సంపాదించుచున్నానని కలలోనైనను అనుకొనలేదు. 1975 లో టెక్సాసు చేరిన తెలుగు వైద్యుడు తన మనుమరాలికి ఈ ముప్పు కొనితెచ్చుచున్నానని అనుకొనలేదు. మనుష్యుడు ఊరు ఎంచుకొనును. శాసనము అతడు స్థిరపడిన తరువాత తన దారిన తాను కదలును. చట్టమును చూచి శాశ్వతముగా ఇల్లు కట్టుకొనగల చోటు భూమిపై లేదని దీని అర్థము. చూడనక్కరలేదని అర్థము కాదు. ఏటి ఒడ్డున ఇల్లు గలవాడు ప్రతి వర్షాకాలమున నీటిమట్టము చూచుకొనును.

మన పూర్వులు ఉండిపోయినందుకు ఇచ్చిన మూల్యమేమి? బడిలో తెలుగు పోయినది, కచేరీలో అర్జీ పరభాషలో వ్రాయవలసివచ్చినది, పేర్లు వంకరతిరిగినవి. ఇవి చిన్నవి కావు. ఈ సంఘములు వానికొరకే పుట్టినవి. కాని పోయినది భాష, ఒక రాత్రిలో ప్రాణము కాదు. ఆ ఉండుటను కొలబద్దగా చేసి టెక్సాసులోని బిడ్డను కొలుచుట తగదు. పైగా ఆ ఉండుటను నిర్ణయించినది ఎవరు? మా పరిశీలనలో ఏ ఇంటి చరిత్రలోను ముత్తవను అడిగినట్లు లేదు. ఆమె పెండ్లితో ఒకమారు ఊరు మారినది. మగవారు ఉండుమన్నచోట ఉన్నది, కదలుమన్నపుడు కదలినది. మన పూర్వుల వలసకథలలో స్త్రీ సామానుతోపాటు బండిలో కూర్చుండియున్నది. ఈనాడు మొదటిమారుగా వలస ప్రశ్న ఆమె దేహమును గూర్చి పుట్టినది. దీనిని కూడ అల్లుని జీతమును బట్టియు, వియ్యపురాలి అభిప్రాయమును బట్టియు, తండ్రి సంఘగౌరవమును బట్టియు తేల్చుట కొనసాగినచో, మనము ఆ చట్టము చేసినవారికంటె ఏమంత భిన్నులము?

ఉండుటకును పోవుటకును నడుమ సన్నని దారులు కొన్ని కలవు. దంపతులు వానిని వెదకుకొనుచున్నారు. గర్భము నిలిచిన నెలలలో భార్య వేరొక రాష్ట్రమున అక్క యింట ఉండుట ఒకటి. పుట్టింటికి వచ్చుట ఒకటి. ఉండిపోయి, అవసరమునకు ప్రయాణపు సొమ్ము వేరుగా దాచుకొనుట మరియొకటి. డల్లాసునుండి న్యూమెక్సికోలోని ఆల్బుకర్కి నగరము వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరము. ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవు స్వేచ్ఛ నిలిచియున్నదని డాబ్స్ తీర్పున ఏకీభవించిన న్యాయమూర్తియే వ్రాసెను. ఐనను 2023 లో ఆ దారిలోని లబ్బక్ కౌంటీ, ఇందుకై స్త్రీని తమ రహదారులపై తీసికొనిపోవువారిపై దావా వేయవచ్చునని నిబంధన చేసినది. అమరిల్లో పట్టణప్రజలు అట్టి నిబంధనను 2024 లో ఓటుతో నిరాకరించిరి. రక్తస్రావమగుచున్న స్త్రీకి వెయ్యి కిలోమీటర్ల దూరము స్వేచ్ఛయగునా అన్నది చదువరులే ఆలోచింపుడు.

మేమెరిగిన రెండు కుటుంబములు ఒకే సంవత్సరమున రెండు విధములుగా నిర్ణయించుకొన్నవి. మొదటి దంపతులు ఉండిపోయిరి. ఆమెకు ఇద్దరు పిల్లలు కలరు, ఇక గర్భము దాల్చు తలంపు లేదు, అత్తగారి చికిత్స ఆ ఊరిలోనే సాగుచున్నది. ఉండుట తన నిర్ణయమని ఆమె తల్లికి స్పష్టముగా చెప్పెను; కోపము మాత్రము చల్లారలేదనియు చెప్పెను.

రెండవది షోలాపురమునందలి ఒక చేనేత కుటుంబపు పిల్ల. పెండ్లియై మూడేండ్లు. ఒకమారు గర్భము పోయినది. తండ్రి ఉండుమనెను, గ్రీన్ కార్డు వరుసలో ఆరేండ్లు గడచినవి, అవి వ్యర్థమగునని ఆయన బాధ. అది ఊరకే కొట్టివేయదగిన బాధ కాదు. అల్లుడు మీ ఇష్టమనెను. 'మీ' అన్నది ఎవరో చెప్పలేదు. ఆమె ఎవరితోను వాదింపక, తన వైద్యురాలి వద్దకు పోయి ఒక్క ప్రశ్న అడిగెను. 'మరల గర్భమై, నడుమ ఉమ్మనీరు పోయినచో, మీరు ఎంతసేపు ఆగుదురు?' వైద్యురాలు మంచిది; కొంతసేపు మాటలాడలేదు. పిదప, ఆసుపత్రి వకీళ్లను అడిగి చెప్పెదననెను. ఆ సాయంకాలమే ఆమె తండ్రికి ఫోను చేసి ఆ సమాధానమును ఉన్నదున్నట్లు చెప్పెను. ఆయన మరల ఆరేండ్ల మాట ఎత్తలేదు. న్యూజెర్సీలో అద్దెలు ఎట్లున్నవని అడిగెను.